వేడి, వాత, తలనొప్పి

జర్మనీలోని లైప్‌జిగ్‌లో లూయీ కూనే అనే ఆయన 1883లో ఒక చికిత్సాలయం తెరిచాడు. ఆయన డాక్టరు కాదు. తన జబ్బులు తనే నయం చేసుకున్నానని చెప్పుకుని, ఆ అనుభవం నుంచి ఒక సిద్ధాంతం తయారుచేసి పుస్తకం రాశాడు. ఆ పుస్తకాన్ని 1894లో వెంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చాడు. హిందీ, ఉర్దూ పాఠకులకి అది 1904లో గాని అందలేదు. మన దేశంలో ప్రకృతి వైద్యం చరిత్ర చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఆ తెలుగు అనువాదం నుంచే మొదలుపెడతారు. కందుకూరి, గురజాడల కాలం గురించి ఇంత చదువుకున్న మనం, అదే దశాబ్దంలో ఆవిరి స్నానం మీద ఒక జర్మన్ పుస్తకం తెలుగులోకి వచ్చిందన్న సంగతిని సాహిత్య చరిత్రలో ఎక్కడా ఎదుర్కోం. వైద్య గ్రంథాలు సాహిత్యం కావు కాబట్టి అనొచ్చు. కాని ఆడవాళ్ళ శరీరాల గురించి ఏ పుస్తకం ఏం చెప్పిందో వెతికేవాళ్ళకి ఆ గీత పెద్దగా పనికిరాదు.

కూనే చెప్పేది సూటిగా ఇదీ. జబ్బులు అనేకం కావు, ఒకటే. మనిషి పొట్టలో జీర్ణం కాని, శరీరానికి పనికిరాని పదార్థం పోగుపడుతుంది. అది పులుస్తుంది, వేడెక్కుతుంది, పైకి ఎగదన్నుతుంది. ఆ ప్రయాణంలో అది తలకి చేరితే తలనొప్పి. కాబట్టి మందులు అక్కర్లేదు, ఆ పదార్థాన్ని బయటికి పంపాలి. దానికి మార్గం చెమట. పేషెంటుని బద్దీల బల్లమీద పడుకోబెట్టి, బల్ల కింద మరిగే నీళ్ళ కుండలు పెట్టి, పైన కంబళి కప్పేస్తారు. చెమటలు కారాక చల్లటి తొట్టి స్నానం. దానితోపాటు జననాంగాల దగ్గర చన్నీళ్ళతో తడిపిన గుడ్డతో మెల్లగా రాపిడి చేసే స్నానం కూడా ఒకటి ఆయన స్త్రీ పురుషులిద్దరికీ చెప్పాడు. శరీరంలోని నరాలన్నీ అక్కడ కలుస్తాయని ఆయన నమ్మకం. 1901 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవడం రాయడం వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరు కూడా లేరు. అంటే తెలుగులో ఈ పుస్తకం చదివింది మొగవాళ్ళు. భార్యకో, కూతురికో, విధవ చెల్లెలికో తలనొప్పి వస్తే ఈ పుస్తకం చూసి చికిత్స నిర్ణయించింది వాళ్ళే అయ్యుంటారు. ఆ రాపిడి స్నానం గురించి ఇంట్లో ఎవరు ఎవరికి ఎలా చెప్పారో ఊహించుకుంటే నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది.

కుండలో నీళ్ళు మరిగించి, కంబళి కప్పుకుని ఆవిరి పట్టడం మన ఇళ్ళల్లో ఎవరికీ లైప్‌జిగ్ నుంచి నేర్చుకోవలసిన విద్య కాదు. బాలింతకి వావిలాకు వేసి కాచిన నీళ్ళు, ఉప్పుని పెనం మీద వేయించి గుడ్డలో మూటకట్టి పెట్టే కాపడం, సానమీద శొంఠి అరగదీసి నుదుటికి వేసే పట్టు, పసుపుకొమ్ము కాల్చి ఆ పొగ పీల్చడం, ఏమీ లేకపోతే పాతచీర చింపి తలకి బిగించి కట్టుకోవడం: ఇవన్నీ తలనొప్పికి వంటింటి వైద్యాలు. చేసేది అమ్మమ్మో, అత్తో, పురుడు పోయడానికొచ్చిన మంత్రసానో. మంత్రసానులు చాలామంది మంగలి, చాకలి, మాదిగ కులాల స్త్రీలు. వాళ్ళు పెట్టిన కాపడానికి గిద్దెడు నూకలు కూలి. అదే ఆవిరి పుస్తకం రూపంలో, అందులోనూ ఒక తెల్లవాడి పుస్తకం రూపంలో వచ్చాక 'శాస్త్రం' అయింది.

ఇక్కడ ఆగి ఒకమాట చెప్పాలి. వంటింటి వైద్యాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించే ఉత్సాహం మన స్త్రీవాద రచనల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది. నాకు ఆ ఉత్సాహం లేదు. బాలింతని గాలాడని చీకటి గదిలో పెట్టి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, దాహం వేస్తోందని మొత్తుకున్నా గుక్కెడు నీళ్ళు మాత్రమే ఇచ్చింది కూడా ఆ అమ్మమ్మలే. వేడి మంచిదన్న నమ్మకానికి ఆ గదిలో ఎవరూ ఎదురు చెప్పలేదు. తలనొప్పి అన్న బాలింతకి నీళ్ళు తక్కువై తల నొస్తోందేమోనన్న అనుమానం ఎవరికి రావాలి?

వేడితో తలనొప్పిని కుదర్చడమన్నది అసలు ఎంత పాతదంటే, సుశ్రుత సంహిత సూత్రస్థానంలో అగ్నికర్మకి ఒక అధ్యాయమే ఉంది. శిరోరోగాల్లో కనుబొమలు, నుదురు, కణతల దగ్గర కాల్చమని అందులో ఉంది. తలలో ఒక పక్క మాత్రమే వచ్చే నొప్పికి అర్ధావభేదకమని పేరు. పొద్దెక్కే కొద్దీ పెరిగి పొద్దువాలితే తగ్గేది సూర్యావర్తం. గ్రీకులో గేలెన్ దాన్నే సగం తల అనే అర్థంలో హెమిక్రేనియా అన్నాడు. ఆ మాటే నోళ్ళల్లో నలిగి నలిగి మైగ్రేన్ అయింది. మనం పార్శ్వపు నొప్పి అంటాం, ఒంటి తలనొప్పి అంటాం. వెయ్యేళ్ళ కిందట స్పెయిన్‌లోని కార్డోబాలో అల్ జహ్రావి అనే గొప్ప శస్త్రవైద్యుడు కూడా దీనికి కాల్చిన ఇనుమే చెప్పాడు. అది లొంగకపోతే కణత దగ్గర కోసి వెల్లుల్లి రెబ్బ దూర్చమన్నాడు.

సుశ్రుతుడు అగ్నికర్మ అన్నదాన్ని మన జనం వాత అన్నారు. పసిరికలకి వాత, పసిపిల్లలకి కడుపులో నొప్పికి వాత. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు మాట వెంట పోవడం అలవాటు. వాత, చురక అనే రెండు మాటలూ వైద్యంలో పుట్టి శిక్షలోకి వెళ్ళాయి. అట్లకాడ కాల్చి కోడలికి వాత పెట్టిన కథలు మనం ఎన్ని వినలేదు? అన్నం మాడ్చినందుకు, ఎదురు చెప్పినందుకు, పుట్టింటి నుంచి డబ్బు తేనందుకు. పత్రికల్లో 'కరెంటు చార్జీల వాత', 'ప్రత్యర్థులకు చురకలు' అని శీర్షికలు పెట్టేవాళ్ళకి ఆ మాటల కింద కాలిన చర్మం ఉందన్న సంగతి గుర్తుండదు. నొప్పి పోవడానికి కాల్చడం, నొప్పి పుట్టడానికి కాల్చడం - రెండిటికీ మన భాషలో ఒకే మాట మిగిలింది. కాల్పించుకున్నవాళ్ళని అడిగితే తేడా ఎంత చెప్పేవారో!

తలనొప్పి చరిత్రలో నన్ను అందరికంటే ఎక్కువ కాలం వెంటాడిన మనిషి ఆన్ కాన్వే. ఇంగ్లండులో 1631లో పుట్టింది. పన్నెండేళ్ళ వయసులో జ్వరం వచ్చి తగ్గిన తర్వాత తలనొప్పి పట్టుకుంది, బతికినంత కాలం వదల్లేదు. అమ్మాయిలకి విశ్వవిద్యాలయ ప్రవేశం లేని రోజులు కాబట్టి కేంబ్రిడ్జి తత్త్వవేత్త హెన్రీ మోర్ ఆమెకి ఉత్తరాల ద్వారా దెకార్త్‌ని చెప్పాడు. గురుశిష్యులుగా మొదలై జీవితాంతం స్నేహితులుగా ఉన్నారు. ధనవంతుల ఇంటి కోడలు కావడంతో అప్పటి వైద్యంలో ఉన్న పెద్దపెద్ద పేర్లన్నీ ఆమె మంచం దగ్గరికి వచ్చాయి. రక్తప్రసరణని కనిపెట్టిన విలియం హార్వే చూశాడు. రసాయన శాస్త్రానికి పునాది వేసిన రాబర్ట్ బాయిల్ మందు సూచించాడు. పుర్రెకి రంధ్రం చేయించుకుంటే నయమవుతుందన్న సలహా మీద 1656లో ఆమె ఫ్రాన్స్ దాకా వెళ్ళింది. అక్కడి శస్త్రవైద్యులు పుర్రె జోలికి పోకుండా రక్తనాళాలు కోసి రక్తం తీసి పంపించారు. పాదరసం రాశారు. ఒకసారి కాదు, చాలాసార్లు, ప్రాణం మీదికి వచ్చేదాకా. వేడినీటి ఊటల స్నానాలు, ఖనిజాలు కలిసిన బుగ్గల నీళ్ళు, ఇంగ్లండులో దొరికినవన్నీ అయ్యాయి. 1666లో ఐర్లండు నుంచి వాలెంటైన్ గ్రేట్రేక్స్ అనే ఆయన్ని రప్పించారు. చేత్తో నిమిరి జబ్బులు పోగొడతాడని ఆయనకి పేరు. ఆమె ఇంటి చుట్టుపక్కల జనం వందల్లో వచ్చి ఆయనచేత నిమిరించుకుని నయమైందని వెళ్ళారు. ఆమెకి మాత్రం ఏమీ తగ్గలేదు.

మెదడు నిర్మాణం మీద మొదటి గొప్ప పుస్తకం రాసిన థామస్ విల్లిస్ కూడా ఆమెకి వైద్యం చేసినవాడే. 1672లో అచ్చయిన తన గ్రంథంలో పేరు చెప్పకుండా ఒక గొప్పింటి స్త్రీ అని ఆమె గురించి రాశాడు. చేయని చికిత్స లేదని, ఏదీ పనిచేయలేదని నిజాయితీగానే ఒప్పుకున్నాడు. అందులో ఇంకో విషయం కూడా చెప్పాడు: ఇన్నేళ్ళ నొప్పి తర్వాత కూడా ఆమె బుద్ధి చెక్కుచెదరలేదని. వైద్యుడికి అది ఆశ్చర్యం. ఆమె ఆ నొప్పితోనే ఆలోచించింది మరి.

చనిపోయాక ఆమె కాగితాల్లో దొరికిన పెన్సిలు రాతలు 1690లో లాటిన్‌లోను, 1692లో ఇంగ్లీషులోను పుస్తకంగా వచ్చాయి, ఆమె పేరు లేకుండా. అందులో ఒకచోట దెకార్త్ వాదాన్ని ఆమె నిలదీసిన తీరు చూడండి. ఆత్మ వేరు, శరీరం వేరు, రెండిటికీ ఏ పోలికా లేదు అంటున్నారు కదా, మరి శరీరానికి దెబ్బ తగిలితే ఆత్మ ఎందుకంత బాధ పడుతుంది? శరీరం కేవలం ఆత్మ వేసుకున్న చొక్కాలాంటిదైతే చొక్కా చిరిగినందుకు మనిషికి నొప్పి పుట్టకూడదే. కాబట్టి ఆ రెండూ వేరువేరు పదార్థాలు కావు, ఒకే పదార్థపు తరతమ భేదాలు. ఇది నా మాటల్లో చెప్పిన సారాంశం. ఆరోగ్యంగా ఉన్న మొగవాళ్ళు పొయ్యి పక్కన కూర్చుని శరీరాన్ని అనుమానించగలిగారు. ఆమెకి ఆ వెసులుబాటు లేదు. తర్వాత లైబ్నిట్జ్ ఆమెను గౌరవంగా తలుచుకున్నాడు. తత్త్వశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆమె దాదాపు మూడొందల ఏళ్ళు లేదు.

దీనికి తలకిందులుగా జరిగినది పన్నెండో శతాబ్దపు జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ విషయంలో. ఆమె చూసిన దివ్యదర్శనాల్లో మెరుపులు, రాలే నక్షత్రాలు, కోట గోడల్లాంటి ఆకారాలు ఉన్నాయి. చార్లెస్ సింగర్ అనే వైద్య చరిత్రకారుడు 1913 ప్రాంతంలో అవన్నీ మైగ్రేన్ లక్షణాలని తేల్చాడు. 1970లో వచ్చిన ఆలివర్ శాక్స్ 'మైగ్రేన్' పుస్తకంతో ఆ సంగతి లోకమంతా పాకింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట చనిపోయిన మనిషికి బొమ్మలు చూసి రోగనిర్ణయం చేయడంలో ఉన్న తొందరపాటుని కాథరిన్ ఫాక్స్‌హాల్ అనే చరిత్రకారిణి 2014లో వివరంగా విమర్శించింది. సంగీతం కట్టి, మూలికా వైద్యం రాసి, పోపులకీ రాజులకీ బుద్ధి చెప్పిన స్త్రీ మన కాలానికి తలనొప్పి పేషెంటుగా మిగలడం నాకూ నచ్చదు. ఒకామె నొప్పినుంచి ఆలోచన తీస్తే పట్టించుకోలేదు, ఇంకొకామె ఆలోచననుంచి నొప్పి తీసి చూపించారు.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి నరాల జబ్బు అనేది చదువుకున్న ఆడవాళ్ళ జబ్బయిపోయింది. అమెరికాలో వెయిర్ మిచెల్ విశ్రాంతి వైద్యం, దాన్ని 1887లో అనుభవించిన షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రచురించిన 'ఎల్లో వాల్‌పేపర్' - ఈ పత్రిక చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ పక్కనే నడిచిన ఇంకో సంస్థ గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. మిచిగాన్‌లోని బాటిల్ క్రీక్ శానిటోరియం. కార్న్‌ఫ్లేక్స్ పేరుతో మనకి తెలిసిన కెలాగ్‌లలో పెద్దవాడు, డాక్టర్ జాన్ హార్వే కెలాగ్ దాన్ని నడిపాడు. 1891లో ఆయన విద్యుద్దీపాల స్నానపు పెట్టె తయారుచేశాడు. లోపలంతా బల్బులు బిగించిన చెక్క బీరువాలో మనిషిని కూర్చోబెట్టి తల మాత్రం బయటికి ఉంచుతారు. బల్బుల వేడికి చెమట పడుతుంది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో దాన్ని చూపించాక యూరప్ రాజభవనాల దాకా పోయింది. ఈ రోజు క్లినిక్కుల్లో కనిపించే ఇన్‌ఫ్రారెడ్ పెట్టెలకి అది తాతమ్మ. కెలాగ్ సిద్ధాంతం కూడా కూనేకి దగ్గర చుట్టమే: పెద్దపేగులో కుళ్ళిన విషాలు రక్తంలో కలిసి తలనొప్పి దగ్గర్నుంచి మతిభ్రమణం దాకా అన్నిటికీ కారణమవుతాయి.

ఇరవయ్యో శతాబ్దంలో విషాలు పోయి వ్యక్తిత్వం వచ్చింది. న్యూయార్కులో హెరాల్డ్ వుల్ఫ్ పరిశోధనలు తలనొప్పిని ప్రయోగశాలలోకి తెచ్చాయి, అందుకు ఆయన్ని గుర్తుంచుకోవలసిందే. కాని మైగ్రేన్ వచ్చేవాళ్ళకి ఒక ప్రత్యేక వ్యక్తిత్వం ఉంటుందని 1937లో రాసింది కూడా ఆయనే: అన్నీ పద్ధతిగా ఉండాలనే పట్టుదల, లోపల దాచుకున్న కోపం. మొగవాళ్ళలో ఇది కార్యదక్షతకి గుర్తు, ఆడవాళ్ళకి వచ్చేసరికి సంసార జీవితంలో సర్దుకుపోలేకపోవడానికి గుర్తు అయింది. ఈ కథంతా జోవన్నా కెంప్నర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2014లో 'నాట్ టునైట్' అనే పుస్తకంలో రాసింది. పేరులోని వెటకారం మనకీ తెలిసినదే. తలనొప్పి అని చెప్పి పడుకునే భార్య మీద జోకులు మన సినిమాల్లోనూ తక్కువేం కాదు. ఆ జోకు ఎప్పుడూ మొగుడి వైపునుంచే చెబుతారు. నిజంగా తల పగిలిపోతూ ఉన్నా, మొగుడిని కాదనడానికి ఆమెకి మిగిలిన మర్యాదైన మాట అదొక్కటే అయినా, రెండు సందర్భాల్లోనూ ఆమెను నమ్మక్కర్లేదని ఆ జోకు అర్థం.

మందుల కథ క్లుప్తంగా. రై గింజలకి పట్టే ఎర్గాట్ అనే బూజుని యూరప్ మంత్రసానులు కాన్పులకి వాడేవారు. దాన్నుంచి 1918లో ఎర్గటమైన్ వేరుచేశారు. అది మైగ్రేన్ మందయింది. 1990ల మొదట్లో ట్రిప్టాన్లు, 2018లో సి.జి.ఆర్.పి. అనే నరాల రసాయనాన్ని అడ్డుకునే ఇంజక్షన్లు వచ్చాయి. రక్తనాళాలు ఉబ్బడం వల్లే నొప్పి అన్న వుల్ఫ్ వాదం పక్కకి పోయి ముఖానికి, మెదడు పొరలకి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం, మెదడు కాండం, ఆ రసాయనం కలిసి చేసే పని అని ఇప్పుడు చెబుతున్నారు. ఆడవాళ్ళకి మొగవాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తుంది, నెలసరికి ముందు ఈస్ట్రోజెన్ పడిపోయే రోజుల్లో ఇంకా ఎక్కువ. బెంగుళూరులోను, చుట్టుపక్కల పల్లెల్లోను ఇంటింటికీ తిరిగి చేసి 2015లో ప్రచురించిన సర్వేలో ఏడాదిలో మైగ్రేన్ వచ్చినవాళ్ళు పాతిక శాతం తేలారు. నలుగురిలో ఒకరు! ఇంత మందికి ఉన్న నొప్పిని గురించి మన కవిత్వం, కథ ఎంత రాశాయి? పురుడు, నెలసరి, అబార్షను 'నీలిమేఘాలు' కాలంలో కవిత్వంలోకి వచ్చాయి. తలనొప్పి అంతగా రాలేదు. చావూ లేదు, రక్తమూ లేదు, చూపించడానికి గాయమూ లేదు. వర్జీనియా వుల్ఫ్ 1926లోనే జబ్బు మీద రాసిన వ్యాసంలో తలనొప్పిని చెప్పడానికి భాషే చాలడం లేదని వాపోయింది. మనకి పోటు, సలుపు, నస, గుంజుడు అని నాలుగైదు మాటలున్నాయి. డాక్టరు గదిలోకి వెళ్ళేసరికి అవన్నీ పోయి 'హెడేక్' ఒక్కటే మిగులుతుంది.

నాకూ ఈ నొప్పి పద్దెనిమిదేళ్ళుగా ఉంది. ఆ మధ్య ఒక స్నేహితురాలి బలవంతం మీద హైదరాబాదులో ఒక వెల్‌నెస్ క్లినిక్కుకి వెళ్ళాను. మైగ్రేన్‌కి ఉష్ణ చికిత్స, పది సిటింగులు, ప్యాకేజీ. రిసెప్షన్లో నింపమన్న కాగితంలో నొప్పి ఎన్ని గంటలుంటుంది, వెలుతురు భరించగలనా, వాంతి అవుతుందా, నెలసరితో సంబంధం ఉందా అన్న ప్రశ్న ఒక్కటి లేదు. మలబద్ధకం గురించి మూడు ప్రశ్నలు, తిండి గురించి ఆరు. చివర్న పెద్దక్షరాలతో 'మీ శరీరంలోని టాక్సిన్లను బయటికి పంపుతాం'. నూటముప్ఫయ్యేళ్ళ కిందటి కూనే ఏసీ గదిలో ప్రత్యక్షమయ్యాడు! చెమటలో పోయేది నీరు, ఉప్పు, మరికొన్ని చిల్లర పదార్థాలు. వ్యర్థాలు బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. ఈ సంగతి హైస్కూలు పాఠంలో ఉంది. అయినా విషం అనే మాట ఎందుకు పోదంటే, నొప్పికి కారణం నువ్వు తిన్నదే, నువ్వు చేసిందే అని చెప్పడానికి అది చాలా అనుకూలం. గాంధీ తన తలనొప్పికి తను ఎక్కువ తినడమే కారణమని తేల్చుకుని పొద్దుటి ఫలహారం మానేశాడు, తగ్గిందని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన శరీరం, ఆయన ప్రయోగం. అందరూ తిన్నాక మిగిలింది తినేదానికి కూడా అదే కారణం చెబితే ఏమనాలి? ఖాళీ కడుపు మైగ్రేన్‌ని రేపుతుందని డాక్టర్లు చెబుతారు. మన ఇళ్ళల్లో వారానికి రెండు ఉపవాసాలు ఎవరుంటారో తెలిసిందే.

మరి వేడి పనిచేస్తుందా? మెడ, భుజాలు బిగుసుకుపోయి వచ్చే నొప్పికి కాపడం హాయినిస్తుంది, నిజం. మైగ్రేన్ ఉన్నవాళ్ళకి చాలామందికి నుదుటిమీద చల్లటి గుడ్డే ఇష్టం. 2016లో నిమ్హాన్స్ వాళ్ళు 40 మంది మైగ్రేన్ రోగులతో ఒక పరీక్ష చేశారు. సగం మందికి మందులు, తక్కిన సగానికి మందులతోపాటు 45 రోజులు చేతులకీ కాళ్ళకీ వేడినీళ్ళు, తలకి ఐసుతో మర్దన. రెండో గుంపుకి ఎక్కువ మేలు కనిపించింది. చిన్న పరీక్ష, ఎవరికి ఏం చేస్తున్నారో రోగులకి తెలుస్తూనే ఉంటుంది కూడా. అయినా వేడి కాళ్ళకి, చల్లదనం తలకి అన్నది గుర్తుంచుకోండి. క్లినిక్కు ఆవిరిపెట్టెలో కూడా తల బయటే ఉంటుంది, దానిమీద తడి తువ్వాలు వేస్తారు. తలమీద వేడి ఎంత మంచిదో ముంబయి డాక్టరు కె. రవిశంకర్ 2006లో ప్రచురించిన పరిశీలన చూస్తే తెలుస్తుంది. తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయ రోగుల గురించి ఆయన రాశాడు. పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో ఇచ్చే కారణాల జాబితాలో అప్పటిదాకా ఇది లేదు. శుక్రవారం తలంటు పోసుకుని, మోకాళ్ళదాకా జుట్టు ఆరీ ఆరకుండా ముడి వేసుకుని, సాంబ్రాణి పొగ పట్టి, పూజ అయ్యేదాకా ఏమీ తినకుండా ఉన్న అమ్మ ఆ మధ్యాహ్నం తలుపేసుకుని పడుకునేది. ఆ ఇల్లు మా ఒక్కరిది కాదు కదా. 1991లో మన వాళ్ళు 'సవాలక్ష సందేహాలు' రాసినప్పుడు చేసిన పని, ఆడవాళ్ళ నోటివెంట వచ్చిన సంగతులనుంచి వైద్యాన్ని ప్రశ్నించడం. తలనొప్పి విషయంలో ఆ పని ఇంకా మొదలే కాలేదనిపిస్తుంది.

ప్యాకేజీలో నాలుగు సిటింగులకి మాత్రం వెళ్ళాను. తలనొప్పి తగ్గలేదు, కాని ఆ నలభై నిమిషాలు బావుండేవి. ఫోను ఉండదు, వెలుతురు తక్కువ, ఎవరో వెచ్చటి చేతులతో మెడ పడతారు. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో నాకు దొరికింది రెండు నిమిషాలు, ప్రైవేటులో నాలుగు. ఆడవాళ్ళు డబ్బు పెట్టి విషాలు తీయించుకోవడానికి పోతున్నారని వెక్కిరించే మేధావులు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

మెడ పట్టే అమ్మాయిది ఖమ్మం దగ్గర పల్లె. పాతికేళ్ళుంటాయి. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిదిదాకా ఆవిరి గదుల్లోనే. మూడోసారి వెళ్ళినప్పుడు ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాను.

"తలనొప్పి మేడమ్. ఈ ఆవిర్లో నిలబడితే రోజూ వచ్చుద్ది. ఇటు పక్కంతా గుంజుద్ది."

"మరి ఇక్కడ చేయించుకోవా?"

నవ్వింది. "మాకెవరు చేస్తారు మేడమ్? మాత్ర ఏసుకుంటా. పొద్దునొకటి, సాయంత్రం ఒకటి."

ఎన్నాళ్ళుగా అని అడిగితే ఏడాది అంది. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే ఆ రకం మాత్రలు, రెండు మూడు మందులు కలిపినవి, నెలలో పదిరోజులకి మించి కొన్ని నెలలపాటు వాడితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెస్తాయి. ఆ సంగతి చెప్పాను. నొప్పి వచ్చిన రోజులు, నెలసరి రోజులు ఒక కాలెండరు మీద గుర్తుపెట్టి నరాల డాక్టరుకి చూపించమన్నాను. నా మెడమీద చేతులు ఆపకుండానే వింది.

"ఆదివారం ఉంటారా మేడమ్ డాక్టరు? మాకు సెలవు ఆ ఒక్క పూటే."